పెట్టె మీది అంకె, కప్పులోని కాఫీ

ఇంట్లో ఎస్ప్రెస్సో మెషీన్ పెట్టుకోవాలని దుకాణానికి వెళ్లినవాళ్ల కళ్లు ముందుగా పడేది పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేసిన అంకె మీద. ఒకదాని మీద 15 బార్లు అని ఉంటుంది, పక్కదాని మీద 20 బార్లు. పదిహేను కంటే ఇరవై ఎక్కువ కాబట్టి రెండోదే మేలనిపించడం సహజం. కానీ మంచి ఎస్ప్రెస్సోకి కాఫీ పొడి మీద ఉండవలసిన పీడనం 9 బార్ల చుట్టుపక్కలే. మరి మిగతా ఆరు, పదకొండు బార్లు ఎందుకు? అవి ఎక్కడికి పోతాయి?

ఈ అధ్యాయంలో ఆ లెక్క విప్పి చూద్దాం. మెషీన్ లోపల నీటికీ, లోహానికీ, పొడికీ మధ్య ఏం జరుగుతుందో తెలిస్తే, ఏది కొనాలో ఎవరినీ అడగక్కర్లేదు. చివరికి తేలే మాటను ముందే చెప్పేస్తాను: ఎస్ప్రెస్సో మెషీన్ నుంచి మనం కోరుకోవలసింది నిలకడ. పీడనంలో నిలకడ, వేడిలో నిలకడ, నీటి ప్రవాహంలో నిలకడ. మన డబ్బు దేనికి పోతోందో ఈ మూడింటితోనే కొలవాలి.

అర నిమిషంలో జరిగే పని

మన ఇళ్లలోని స్టీలు ఫిల్టరుతోనే మొదలుపెడదాం. పై గిన్నెలో పొడి వేసి, మరిగిన నీళ్లు పోసి మూత పెడతాం. పొడి మీద నిలిచే నీటి ఎత్తు సుమారు పది సెంటీమీటర్లు. అంత నీటి బరువు కలిగించే పీడనం ఒక బార్‌లో నూరో వంతు. అందుకే డికాషన్ చుక్క చుక్కగా, తీరిగ్గా దిగుతుంది. ఎస్ప్రెస్సోలో పీడనం దానికి దాదాపు 900 రెట్లు. పది మీటర్ల నీటి మట్టం ఒక బార్ అనుకుంటే, తొమ్మిది బార్లంటే తొంభై మీటర్ల ఎత్తున్న నీటి స్తంభం, అంటే ముప్పై అంతస్తుల భవనం మీది ట్యాంకు నుంచి కింది అంతస్తు కుళాయికి వచ్చే ఒత్తిడి.

ఈ ఒత్తిడి పనిచేసే చోటు చాలా చిన్నది. మంచి మెషీన్లలో పొడి వేసే జల్లెడ గిన్నె, అంటే బాస్కెట్, వ్యాసం 58 మిల్లీమీటర్లు. దాని వైశాల్యం 26 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. తొమ్మిది బార్ల దగ్గర ఆ చిన్న బిళ్ల మీద పడే బలం సుమారు 240 కిలోల బరువుతో సమానం. ఇంత బలాన్ని తట్టుకోవాలి కాబట్టే బాస్కెట్‌ను పట్టుకునే పిడి, అంటే పోర్టాఫిల్టర్, చేతికి అంత బరువుగా ఉంటుంది. మెషీన్‌కి దాన్ని బిగించే చెవులూ అంత మందంగా ఉంటాయి.

ఇప్పుడు అందరూ వాడే కొలత ఇది: 18 గ్రాముల పొడి, కప్పులోకి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లు. ఇటలీలో సంప్రదాయ కొలత ఇంకా చిన్నది: 7 గ్రాముల పొడి, 25 మిల్లీలీటర్ల కాఫీ, 25 సెకన్లు. రెండింటి వెనకా ఉన్న సూత్రం ఒక్కటే. వేయించిన కాఫీ గింజలో కరగగల పదార్థం అంతా కప్పులోకి రాకూడదు, మరీ తక్కువా రాకూడదు. పొడి బరువులో 18 నుంచి 22 శాతం దాకా కరిగి వస్తే రుచి కుదురుతుంది. 36 గ్రాముల కాఫీలో పదో వంతు కరిగిన పదార్థం ఉందనుకుందాం, అది 3.6 గ్రాములు. 18 గ్రాముల పొడిలో అది సరిగ్గా 20 శాతం.

కరగడానికి ఒక వరస ఉంది. ఆమ్లాలు ముందు దిగుతాయి, వాటి వెనక తీపినిచ్చేవి, చివరకు చేదు. నీళ్లు త్వరగా జారిపోతే కప్పులో పులుపు మిగులుతుంది. ఎక్కువసేపు నానితే చేదు పైకి వస్తుంది. నీటి వేడి తగ్గినా పులుపే, మరీ పెరిగినా చేదే. 36 గ్రాముల కాఫీ, 27 సెకన్లు. పొరపాటు దిద్దుకోవడానికి అందులో చోటు లేదు. నిలకడ గురించి ఇంత పట్టు పట్టడం అందుకే.

ఆవిరి వేసిన ముడి

ఈ తొమ్మిది బార్లు ఒక్కరోజులో వచ్చినవి కావు. 1884లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఆంజెలో మోరియోండో ఆవిరితో కాఫీ తీసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అది ఒక్కసారే ఎక్కువమందికి కాఫీ తీసేది. 1901లో మిలాన్‌కు చెందిన లుయిజీ బెజ్జెరా ఒక్కొక్క కప్పుకూ విడిగా, అప్పటికప్పుడు కాఫీ తీసే పద్ధతి తెచ్చాడు. ఈనాటి పోర్టాఫిల్టర్‌కు మూలం అదే. దేసిదెరియో పవోని ఆ పేటెంటును కొని, 1906 మిలాన్ ప్రదర్శనలో ఆ యంత్రాన్ని లోకానికి పరిచయం చేశాడు.

ఆ యంత్రాల్లో ఒక చిక్కు ఉండేది. బాయిలర్‌లో నీటిని మరిగించి, పైన చేరిన ఆవిరి ఒత్తిడితోనే నీళ్లను పొడిలోకి తోసేవారు. మూసిన పాత్రలో ఆవిరి పీడనమూ నీటి వేడీ విడదీయరాని జంట. వంటింట్లో ప్రెషర్ కుక్కర్ దీనికి సాక్ష్యం: బయటి గాలి ఒత్తిడి మీద ఇంకో బార్ పెరిగితే లోపలి నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాక 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కాబట్టి ఆవిరితో ఒకటిన్నర బార్లు తేవాలన్నా నీటి వేడి వందను బాగా దాటాలి. ఆ లెక్కన తొమ్మిది బార్లు కావాలంటే సుమారు 180 డిగ్రీలు. ఆ వేడి తగిలిన పొడి మాడుతుంది తప్ప కాఫీ కాదు. అందుకే ఆ రోజుల్లో కాఫీ ఒకటిన్నర బార్ల దగ్గరే ఆగింది. అప్పటికీ చేదుగానే ఉండేది.

ఆ ముడి విప్పినవాడు మిలాన్‌లోనే కాఫీ బార్ నడిపిన అకిల్లే గాజియా. 1938లో ఒక పేటెంటు తీసుకున్నాడు. యుద్ధం ముగిశాక 1947 నాటికి స్ప్రింగు లివరు పద్ధతిని సాధించాడు. లివరును కిందికి లాగితే స్ప్రింగు నొక్కుకుంటుంది, వేడి నీళ్లు సిలిండర్‌లోకి వస్తాయి. లివరు వదిలితే స్ప్రింగు విచ్చుకుంటూ పిస్టన్‌ను నెడుతుంది, పిస్టన్ నీళ్లను పొడిలోకి తోస్తుంది. ఒత్తిడి ఇచ్చే పని స్ప్రింగుది, వేడి ఇచ్చే పని బాయిలర్‌ది. రెండూ విడిపోయాయి. వేడిని వంద లోపు ఉంచి పీడనాన్ని ఎనిమిది, తొమ్మిది బార్లకు తీసుకుపోవడం మొదటిసారి వీలయింది.

దాంతో కప్పులో అంతకుముందు లేనిది ఒకటి కనబడింది, బంగారు గోధుమరంగు నురుగు. వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న బొగ్గుపులుసు వాయువు ఆ పీడనంలో నీటిలో కరుగుతుంది. కప్పులో పడగానే పీడనం పోతుంది, వాయువు సన్నని బుడగలై పైకి వస్తుంది. కాఫీలోని నూనెలూ, వేపుడులో పుట్టిన గోధుమరంగు పదార్థాలూ ఆ బుడగలను పట్టి నిలుపుతాయి. దాన్నే క్రేమా అంటారు. అది ఏమిటో జనానికి తెలియక అనుమానపడితే, ఇది కాఫీలో సహజంగా వచ్చే మీగడే అని గాజియా ప్రకటించుకోవలసి వచ్చింది.

1961లో ఫయేమా కంపెనీ ఇ61 అనే మెషీన్‌ను విడుదల చేసింది. ఆ ఏడాది ఇటలీలో కనిపించిన సంపూర్ణ సూర్యగ్రహణం పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చింది. ఇందులో చేతి బలానికీ స్ప్రింగుకూ బదులు విద్యుత్ పంపు తొమ్మిది బార్ల పీడనం ఇస్తుంది. పోర్టాఫిల్టర్ బిగించే ఇత్తడి భాగం, అంటే గ్రూప్ హెడ్, చుట్టూ వేడి నీళ్లు నిరంతరం తిరుగుతూ దాన్ని కాస్తాయి. ఇవాళ్టికీ ఇళ్లలో పెట్టుకునే ఖరీదైన మెషీన్లలో చాలావాటికి ముందు కనిపించే మెరిసే ముక్కు ఆ ఇ61 నమూనాదే.

ఈ చరిత్ర కొనుగోలుకు నేరుగా పనికొస్తుంది. ఇప్పటికీ దుకాణాల్లో పంపు లేని చవక మెషీన్లు దొరుకుతాయి. మూత తిప్పి నీళ్లు పోసి, గట్టిగా బిగించి, స్విచ్ వేస్తే నాలుగు కప్పుల గాజు జగ్గులోకి కాఫీ దిగుతుంది. పెట్టె మీద మూడున్నర బార్లో, ఐదు బార్లో రాసి ఉంటుంది. ఇవి పనిచేసేది బెజ్జెరా కాలపు సూత్రం మీద. అంత ఒత్తిడి ఆవిరితో రావాలంటే నీళ్లు ఎంత వేడెక్కాలో ఇప్పుడు మనకు తెలుసు. వీటితో చిక్కని డికాషన్ లాంటిది వస్తుంది, పాలు కాచుకోవచ్చు. ఎస్ప్రెస్సో మాత్రం రాదు. అదే కాఫీ చాలనుకుంటే, 1933లో అల్ఫోన్సో బియాలెత్తి తెచ్చిన మోకా పాత్ర గ్యాసు పొయ్యి మీద అంతకంటే తక్కువ ఖర్చుతో ఇస్తుంది.

పదిహేను బార్ల సంగతి

ఇంటి మెషీన్లలో ఎక్కువగా ఉండేది వైబ్రేషన్ పంపు. ఒక తీగచుట్ట, దాని మధ్యలో చిన్న ఇనుప పిస్టన్, రెండు వైపులా స్ప్రింగులు. మన కరెంటు సెకనుకు 50 సార్లు దిశ మారి తిరిగి వస్తుంది, పిస్టన్ కూడా సెకనుకు 50 సార్లు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. కాఫీ తీసేటప్పుడు వినిపించే బర్రుమనే చప్పుడు అదే.

ఈ పంపుకు ఒక స్వభావం ఉంది. దారి తెరిచి ఉంటే నీళ్లు బాగా తోస్తుంది, ఒత్తిడి ఉండదు. దారి మూస్తే ప్రవాహం ఆగిపోతుంది, ఒత్తిడి పెరుగుతుంది. పెట్టె మీది 15 బార్లు చుక్క నీరు కూడా కదలని స్థితిలో పంపు తేగల గరిష్ఠ పీడనం. కాఫీ దిగుతున్నప్పుడు పొడి మీద ఉండే పీడనం వేరు. దాన్ని తేల్చేవి రెండు: పొడి ఇచ్చే అడ్డు, మెషీన్ లోపలి ఓవర్ ప్రెషర్ వాల్వు. పీడనం పెట్టిన హద్దు దాటగానే ఈ వాల్వు తెరుచుకుని, మిగులు నీటిని తిరిగి ట్యాంకులోకి పంపుతుంది. దాన్ని తొమ్మిది బార్లకు అమర్చిన మెషీన్‌లో పంపు 15 బార్లదైనా, 20 బార్లదైనా కప్పులో తేడా ఉండదు.

పీడనం ఎక్కువైతే ఏమవుతుంది? పొడి గడ్డ ఇంకా బిగుస్తుంది, సన్నని ధూళి కింది రంధ్రాల దగ్గరికి చేరి దారి మూస్తుంది. ఒక హద్దు దాటాక పీడనం పెంచినా ప్రవాహం పెరగదు. పైగా నీళ్లు బలహీనంగా ఉన్న చోట చీల్చుకుని ఒకే పాయగా దూసుకుపోతాయి. ఆ పాయ పక్కన పొడి అతిగా కరిగి చేదు ఇస్తుంది, మిగతా పొడి సరిగా తడవనే తడవదు. కాబట్టి దుకాణంలో అడగవలసిన ప్రశ్న ఇది: ఓవర్ ప్రెషర్ వాల్వు ఉందా, ఎన్ని బార్లకు అమర్చి ఉంది, దాన్ని మార్చుకోవచ్చా?

బాస్కెట్ గురించి కూడా ఒక ప్రశ్న అడగాలి. చవక మెషీన్లతో వచ్చే బాస్కెట్లలో చాలావాటికి రెండు గోడలుంటాయి, కింది గోడకు సూదిమొన అంత ఒకే రంధ్రం. పొడి ఎంత బరకగా ఉన్నా ఆ రంధ్రమే అడ్డుపడి ఒత్తిడి పుట్టిస్తుంది, నురుగు తెప్పిస్తుంది. గ్రైండర్ లేనివాళ్లకు, ప్యాకెట్ పొడి వాడేవాళ్లకు ఇది పనికొచ్చే ఏర్పాటే. అయితే ఆ నురుగును చూసి కాఫీ బాగా దిగిందని అనుకోవడానికి లేదు. ఒంటి గోడ బాస్కెట్ కూడా దొరికే మెషీన్ కొంటే, రేపు మంచి గ్రైండర్ కొన్నప్పుడు మెషీన్ మార్చనక్కర్లేదు.

వేడి ఎక్కడ నిలుస్తుంది

కాఫీ తీయడానికి నీళ్లు 90 నుంచి 96 డిగ్రీల మధ్య ఉండాలి. పాలు కాచే ఆవిరికి బాయిలర్‌లో 120 డిగ్రీలు దాటాలి. ఒకే మెషీన్ ఈ రెండు వేడులనూ ఎలా ఇస్తుందన్నదే రకాలన్నిటికీ మూలం.

ఒంటి బాయిలర్ మెషీన్‌లో ఒకే పాత్ర రెండు పనులూ చేస్తుంది. ముందు కాఫీ తీయాలి, తరవాత స్టీమ్ స్విచ్ నొక్కి వేడెక్కేదాకా ఆగాలి. గాజియా క్లాసిక్, రాన్సీలియో సిల్వియా ఈ రకంలో పేరున్నవి. పాతకాలపు థర్మోస్టాట్ రెండు లోహాల బిళ్ల. అది చల్లబడితేనే హీటర్ వెలుగుతుంది, కాగితేనే ఆరుతుంది. ఈ రెంటి మధ్య వేడి చాలా డిగ్రీలు ఊగుతుంది. పీఐడీ అనే ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉంటే వేడి ఎంత తగ్గింది, ఎంత వేగంగా తగ్గుతోంది అని లెక్కవేస్తూ హీటర్‌కి కొద్దికొద్దిగా కరెంటు ఇస్తుంది. ఒంటి బాయిలర్ కొనేటప్పుడు పీఐడీ ఉన్నదానికి కొంచెం ఎక్కువ పెట్టడం సార్థకమే.

థర్మోబ్లాక్ రకంలో నీటిని నిల్వ ఉంచే పాత్ర ఉండదు. వేడి లోహపు దిమ్మలోని సన్నని మార్గంలో నడుస్తూనే నీళ్లు కాగుతాయి. కొన్ని సెకన్లలోనే సిద్ధం. హీట్ ఎక్స్‌ఛేంజర్ రకంలో ఆవిరి బాయిలర్ పెద్దది. దాని లోపలి గొట్టం గుండా కాఫీకి వెళ్లే చల్లని నీళ్లు పోతూ దారిలో కాగుతాయి. కాఫీ, పాలు ఒకేసారి తీయవచ్చు. కాసేపు వాడకుండా ఉంచితే గొట్టంలో నీళ్లు అతిగా కాగుతాయి కాబట్టి, ముందు కొన్ని నీళ్లు వదిలేయాలి. రెండు బాయిలర్ల రకంలో కాఫీకి ఒకటి, ఆవిరికి ఒకటి. నిలకడలో ఇదే ముందు, ఖరీదులోనూ ఇదే ముందు.

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. ఒక ఎస్ప్రెస్సోకి, పొడి పీల్చుకునేదీ కలిపి, 60 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయనుకుందాం. వాటిని 25 డిగ్రీల నుంచి 94కు తేవడానికి కావలసిన శక్తి 17 కిలోజౌళ్లు. ఇ61 గ్రూప్ హెడ్‌లో సుమారు నాలుగు కిలోల ఇత్తడి ఉంటుంది. గది వేడి నుంచి దాన్ని 90 డిగ్రీలకు తేవడానికి దాదాపు 100 కిలోజౌళ్లు కావాలి. కప్పు కాఫీకి అయ్యేదానికి ఆరు రెట్లు ఆ లోహానికే. బాయిలర్ వేడి ఆ లోహమంతటికీ పాకడానికి అరగంట పడుతుంది.

ఒకసారి కాగాక ఆ ఇత్తడి వేడిని వదలదు. వరసగా ఆరు కప్పులు తీసినా ఆరోది మొదటిదాని లాగే ఉంటుంది. పొద్దున్నే పదిమంది కాఫీకి కూర్చునే ఇంట్లో ఈ నాలుగు కిలోలు వరం. ఒక్కరే ఉండి, ఒక్క కప్పు తాగి ఆఫీసుకు పరిగెత్తేవాళ్లకు అదే బరువు. వాళ్లకు థర్మోబ్లాక్ సరిపోతుంది. మొదటి కాఫీకి ముందు పొడి లేకుండా ఒకసారి వేడి నీళ్లు వదిలి, పోర్టాఫిల్టర్‌నూ కప్పునూ కాచుకుంటే చాలు.

పాలు కాచే ఆవిరి

తెలుగిళ్లలో కాఫీ అంటే పాల కాఫీ. అందుకని కొనేముందు ఆవిరి బలం చూసుకోవాలి.

పెళ్లిళ్లలో, ఎగ్జిబిషన్లలో బుస్సుమని నురుగు కాఫీ ఇచ్చే పెద్ద స్టీలు మెషీన్లు అందరికీ తెలుసు. వాటిలో ఉన్నది ఆవిరి బాయిలరూ, ఆవిరి గొట్టమే. ఇన్‌స్టంట్ పొడి, పంచదార, పాలు కలిపి గొట్టం కింద పెడితే ఆవిరి వేడినీ నురుగునూ ఇస్తుంది. పీడనంతో పొడిలోంచి కాఫీ తీసే ఏర్పాటు వాటిలో ఉండదు. కానీ ఆవిరి ఎంత బలమైనదో అవి బాగా చూపిస్తాయి. ఆ బలం రహస్యం ఆవిరి నీరుగా మారేటప్పుడు వదిలే గుప్తోష్ణం.

ఫ్రిజ్‌లోంచి తీసిన 150 గ్రాముల పాలను 5 డిగ్రీల నుంచి 60కి తేవడానికి 32 కిలోజౌళ్లు కావాలి. గ్రాము ఆవిరి పాలలో కరిగి 60 డిగ్రీల నీరైతే వదిలే వేడి సుమారు 2.45 కిలోజౌళ్లు. అంటే 13 గ్రాముల ఆవిరి చాలు. పాలలో కలిసే నీరు అంతే, వంద గ్రాములకు తొమ్మిది గ్రాములలోపు. అయితే ఈ పని అర నిమిషంలో అయిపోవాలంటే ఆవిరి వెయ్యి వాట్లకు పైగా శక్తిని మోసుకురావాలి. పెద్ద బాయిలర్ ఆ శక్తిని ముందే దాచి ఉంచుతుంది. చిన్న మెషీన్ అప్పటికప్పుడు పుట్టించాలి కాబట్టి ఒక నిమిషమో, ఇంకొంచెమో తీసుకుంటుంది. ఒకరిద్దరికి ఆ ఆలస్యం లెక్కలోది కాదు. ఐదుగురికి వరసగా పాలు కాచేచోట పొద్దుటి పని మొత్తం దాని మీదే ఆగుతుంది.

నురుగును నిలబెట్టేవి పాలలోని ప్రొటీన్లు, నోటికి నిండుదనం ఇచ్చేది కొవ్వు. 60, 65 డిగ్రీల దగ్గర పాలు తియ్యగా తోస్తాయి. 70 దాటితే కాగిన వాసన వచ్చి, నురుగు బరకబారుతుంది. పాశ్చరైజు చేసిన ప్యాకెట్ పాలను నేరుగా ఆవిరి కింద పెట్టవచ్చు. పాలవాడు తెచ్చే పచ్చి పాలను మాత్రం ముందు పొయ్యి మీద కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టాకే వాడాలి. ఎంత చల్లగా మొదలుపెడితే నురుగు కలుపుకోవడానికి అంత వ్యవధి దొరుకుతుంది.

గ్రైండర్ కూడా మెషీన్‌లో భాగమే

మెషీన్ ఎంత మంచిదైనా పొడి సరిగా లేకపోతే ప్రయోజనం లేదు. ఎస్ప్రెస్సోలో నీటిని ఆపి, అర నిమిషం పాటు నడిపించేది పొడే. పొడి గడ్డలోంచి నీళ్లు పారే వేగం, రేణువు పరిమాణపు వర్గాన్ని అనుసరించి మారుతుంది. రేణువులు పది శాతం పెద్దవైతే ప్రవాహం 21 శాతం పెరుగుతుంది. 28 సెకన్లలో దిగవలసిన కాఫీ 23 సెకన్లకే దిగిపోతుంది. 300 మైక్రాన్ల రేణువు దగ్గర ఆ పది శాతమంటే 30 మైక్రాన్లు, తల వెంట్రుక మందం కంటే తక్కువ.

మిక్సీ జార్‌తో ఇది సాధ్యం కాదు. బ్లేడు గింజలను కొట్టి పగలగొడుతుంది కాబట్టి ధూళీ, రవ్వా కలిసి వస్తాయి. ఎస్ప్రెస్సోకి రెండు బర్ల, అంటే పళ్ల చక్రాల, మధ్య గింజను నలిపే గ్రైండర్ కావాలి. ఆ బర్ల మధ్య ఎడాన్ని చాలా చిన్న చిన్న అంచెల్లో మార్చుకునే వీలుండాలి. మంచి చేతి గ్రైండర్ కూడా ఈ పని చేస్తుంది. 18 గ్రాములు తిప్పడానికి కాస్త భుజబలం చాలు, ఖర్చు విద్యుత్ గ్రైండర్ కంటే తక్కువ. డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు నా సలహా ఖచ్చితంగా ఇదే: ముందు గ్రైండర్‌కు కావలసింది తీసిపెట్టి, మిగిలినదాంట్లో మెషీన్ చూసుకోండి.

మెత్తగా విసిరినకొద్దీ కాఫీ బాగా దిగుతుందన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. 2020లో ‘మ్యాటర్’ పత్రికలో క్రిస్టఫర్ హెండన్, ఆయన సహ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక హద్దు దాటి మెత్తగా చేస్తే పొడిలో కొంత భాగం మూసుకుపోయి, నీళ్లు అక్కడికి చేరక, కరిగి వచ్చేది తగ్గుతోందని, ఒక్కో కప్పూ ఒక్కోలా వస్తోందని వాళ్లు చూపారు. కాస్త బరకగా, తక్కువ పొడితో తీసిన కాఫీలో నిలకడ ఎక్కువ కనిపించింది.

ఇక గింజల మాట. ఇటలీ ఎస్ప్రెస్సో మిశ్రమాల్లో మన దేశపు రోబస్టా ఎప్పటినుంచో ఉంది. భారతీయ కాఫీని ఎక్కువగా కొనే దేశం ఇటలీయే. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకు అరబికా ఎస్ప్రెస్సోలో చక్కగా పలుకుతుంది. రోబస్టా కలిస్తే క్రేమా దట్టంగా వస్తుంది, పాలలో కాఫీ రుచి గట్టిగా నిలుస్తుంది. చికోరీ కలిపిన ఫిల్టర్ కాఫీ పొడిని మాత్రం మెషీన్‌లో వేయకండి. చికోరీలో కరిగే పదార్థం చాలా ఎక్కువ, తడిస్తే జిగురుకట్టి జల్లెడను పట్టేస్తుంది. దాని చోటు స్టీలు ఫిల్టరే.

నీళ్లు, ప్లగ్గు

మెషీన్లను త్వరగా పాడుచేసేది సున్నం. గట్టి నీళ్లను కాచినప్పుడు అందులోని కాల్షియం బైకార్బనేట్ విడిపోయి కాల్షియం కార్బనేట్ పొరగా హీటర్‌కు, వాల్వులకు అంటుకుంటుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటి గట్టితనం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే దారి లేనప్పుడు 600 దాకా అనుమతిస్తారు. మన ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఈ రెండు అంకెల మధ్యే ఉంటాయి. మెషీన్‌కి లీటరుకు వంద లోపు ఉంటే మంచిది.

అలాగని ఉత్త ఆర్వో నీళ్లు పోయడమూ సరికాదు. ఖనిజాలు లేని నీటిలో కాఫీ రుచి చప్పబడుతుంది, లోహం తినుకుపోవచ్చు. కొన్ని మెషీన్లలో బాయిలర్ మట్టాన్ని నీటి విద్యుత్ వాహకత ద్వారా తెలుసుకునే సూది ఉంటుంది. మరీ శుద్ధమైన నీళ్లుంటే దానికి నీరున్నట్టే తెలియదు. నాలుగు వంతుల ఆర్వో నీటిలో ఒక వంతు వడపోసిన మునిసిపల్ నీళ్లు కలపడం సులువైన ఉపాయం. కుళాయి నీటి గట్టితనం 400, ఆర్వోది 20 అయితే, కలిపినదాని గట్టితనం 96కు వస్తుంది. ఉప్పదనమున్న బోరు నీళ్లు మాత్రం ఇలా కలపకూడదు, అందులోని క్లోరైడు స్టీలును కూడా తుప్పు పట్టిస్తుంది.

ప్లగ్గు సంగతి కూడా ముందే చూసుకోవాలి. మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల దగ్గర 1380 వాట్లకు మించి మోయలేదు. మెషీన్లలో చాలావాటికి అంతకంటే ఎక్కువ కావాలి. కాబట్టి గీజరుకు, ఏసీకి పెట్టే 16 ఆంపియర్ల ప్లగ్గు వంటగట్టు దగ్గర ఉండాలి.

అమెరికాలో ఉన్న పిల్లలో, అన్నయ్యో వస్తూ మెషీన్ తెస్తామంటే వద్దనండి. అక్కడి మెషీన్ 120 వోల్టులది. హీటర్ తీసుకునే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అలాంటి మెషీన్‌ను మన 230 వోల్టులకు తగిలిస్తే మూడున్నర రెట్లకు పైగా శక్తి పారి హీటర్ క్షణాల్లో పోతుంది. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలంటే అది మెషీన్ అంత బరువుంటుంది. పైగా వారంటీ ఇక్కడ చెల్లదు.

ఏ ఇంటికి ఏది

ఇప్పుడు తూకం వేద్దాం.

ఒక్కరే తాగుతారు, పాలు అక్కర్లేదు, చేత్తో పనిచేయడం ఇష్టం అనుకుంటే చేతి లివరు మెషీన్ చూడండి. గాజియా సూత్రమే చిన్న రూపంలో. పంపు ఉండదు, కొన్నింటికి కరెంటే అక్కర్లేదు. కాగిన నీళ్లు పోసి చేత్తో నొక్కడమే. చెడిపోవడానికి రబ్బరు రింగు తప్ప దాదాపు ఏమీ లేదు. డబ్బంతా గ్రైండర్‌కు, గింజలకు మిగులుతుంది.

ఇద్దరుంటారు, పొద్దున రెండు పాల కాఫీలు, ఆలస్యం పనికిరాదు అనుకుంటే థర్మోబ్లాక్ రకం, విడిగా మంచి గ్రైండర్. ఓపిక ఉండి, మెషీన్ పదేళ్లకు పైగా నిలవాలనుకుంటే పీఐడీ ఉన్న ఒంటి బాయిలర్. గ్రైండర్ కలిసే వచ్చే మెషీన్లు చోటు ఆదా చేస్తాయి, కానీ ఒకటి పాడైతే రెండూ మరమ్మతుకు పోతాయన్నది గుర్తుంచుకోండి.

నలుగురైదుగురు వరసగా పాల కాఫీ తాగే ఇంటికి, బంధువుల రాకపోకలున్న ఇంటికి హీట్ ఎక్స్‌ఛేంజర్ చక్కగా సరిపోతుంది. తేలికగా వేయించిన గింజలు తెచ్చి, ఒక్కో డిగ్రీ మార్చి రుచి చూసే ఆసక్తి ఉంటేనే రెండు బాయిలర్ల మెషీన్‌కు అంత ఖర్చు పెట్టడంలో అర్థం ఉంది. ఇంట్లో ఎవరికీ తీరిక లేకపోతే, ముందే పొడి నింపిన చిన్న డబ్బీలతో పనిచేసే క్యాప్సూల్ మెషీన్ తప్పేమీ కాదు. నిలకడ దాని బలం. బదులుగా గింజను ఎంచుకునే స్వేచ్ఛ పోతుంది, కప్పుకి ఖర్చు పెరుగుతుంది, క్యాప్సూల్ చెత్త మిగులుతుంది.

ఏ రకమైనా కొనేముందు మరమ్మతు గురించి అడగండి. గ్రూప్ హెడ్ రబ్బరు గ్యాస్కెట్టు ఏడాదికో రెండేళ్లకో మార్చవలసిందే. అది మీ ఊళ్లో దొరుకుతుందా? పంపు పోతే విడిగా అమ్ముతారా? పైమూత మామూలు స్క్రూ డ్రైవర్‌తో ఊడుతుందా? బాస్కెట్ 58 మిల్లీమీటర్లదైతే ఎన్నో కంపెనీల బాస్కెట్లు, పొడిని నొక్కే ట్యాంపర్లు దానికి అమరుతాయి. సొంత కొలత పెట్టుకున్న మెషీన్‌కి ఆ కంపెనీ భాగమే దిక్కు. సున్నం వదిలించే పద్ధతి పుస్తకంలో స్పష్టంగా ఉందో లేదో చూడండి. బాయిలర్ అల్యూమినియందైతే నిమ్మ ఉప్పు వాడకం విషయంలో తయారీదారు చెప్పినట్టే చేయాలి.

కొన్నాక చేయవలసిన మొదటి పని ఒక చిన్న డిజిటల్ తూకం తెచ్చుకోవడం. పొడి 18 గ్రాములు తూచి వేసి, కప్పును తూకం మీద పెట్టి, 36 గ్రాములు దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 20 లోపే దిగితే గ్రైండర్‌ను ఒక అంచె మెత్తబరచండి. 35 దాటితే ఒక అంచె బరకబరచండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, పొడి బరువును కదపకండి. ఇలా వారం చేస్తే మీ మెషీన్ స్వభావం మీకు తెలిసిపోతుంది. అదే గింజ, అదే బరువు, అదే సమయం పెట్టినప్పుడు రెండు రోజుల కాఫీ ఒకేలా వస్తే మీరు కొన్నది సరైన మెషీన్, అది ఎంత ఖరీదుదైనా సరే.